మీ కంచాన్ని ఒక్కరోజు తూచి చూడండి: ఒంటికి కావాల్సిన పోషకాల లెక్క ఇంట్లోనే వేసుకునే పద్ధతి

పోయినేడు మా ఆవిడకి రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి. రిపోర్టు చేతిలో పట్టుకుని తను అన్న మొదటి మాట, "వారానికి మూడు దినాలు ఆకుకూర వండుతనే ఉన్న కదా!" నిజమే, వండుతూనే ఉంది. పప్పు రోజూ ఉంటుంది, పెరుగు లేకుండా మా ఇంట్లో ఎవరూ చెయ్యి కడగరు, జామకాయలు వస్తుంటాయి, వారానికోసారి చికెన్ ఉండనే ఉంది. మరి ఏది తక్కువైనట్టు? డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు తను మొదలుపెట్టింది, నేను ఆ ఆదివారం నాలుగొందలు పెట్టి వంటింట్లోకి చిన్న తూకం మెషీన్ ఒకటి తెచ్చాను. ఒక్కరోజు తిండి తూచి రాసుకుంటే తెలిసిందేంటంటే, ఇంట్లో లేని వస్తువంటూ లేదు, ఉన్నవాటి పాళ్లే తలకిందులుగా ఉన్నాయి.

పిండిపదార్థాలు, ప్రొటీన్లు, కొవ్వులు, విటమిన్లు, ఖనిజాలు, పీచు, నీళ్లు అని బడిలో అందరం బట్టీ పట్టినవాళ్లమే. ఆ పట్టికతో నాకు ఏనాడూ ఉపయోగం కలగలేదు. కాబట్టి ఇక్కడ పట్టిక నుంచి కాకుండా కంచం నుంచి మొదలుపెడదాం.

మొదటి పని: ఒక మామూలు రోజు మొత్తం రాసుకోండి

పండగ రోజు వద్దు, బిర్యానీ ఆర్డర్ పెట్టిన రోజు వద్దు, మంగళవారమో బుధవారమో ఏ విశేషమూ లేని రోజు చూసుకోండి. బియ్యం, పప్పు, కూరగాయలు వండకముందే తూచాలి, ఎందుకంటే వండాక నీళ్ల బరువు కలుస్తుంది, 100 గ్రాముల బియ్యం అన్నమయ్యేసరికి సుమారు రెండున్నర రెట్లు అవుతుంది. ఇంట్లో ఎంతమంది తింటే అంతమందికి భాగించండి, చిల్లర తేడాలు పట్టించుకోకండి. నూనెకైతే పొద్దున సీసా తూచి, రాత్రి మళ్లీ తూస్తే సరి. చాయ్‌లో చక్కెర, చాయ్‌తో బిస్కెట్, పిల్లల ప్లేట్లో మిగిలిందని నోట్లో వేసుకున్న ముద్ద, అన్నీ రాయాలి. ఈ ముద్దలే ఎవరూ రాయరు.

మా ఇంటి పప్పు సంగతి బయటపడింది ఇక్కడే. నలుగురం ఉంటాం. పప్పుచారుకి రోజూ కుక్కర్లో పడే కందిపప్పు 80 గ్రాములు, అంటే మనిషికి 20. కందిపప్పు వంద గ్రాముల్లో ప్రొటీన్ సుమారు 22 గ్రాములుంటుంది, కాబట్టి నా వంతుకి వచ్చింది నాలుగు గ్రాముల చిల్లర. గరిటెడు గాజు గిన్నెలో పోసి కాసేపు కదపకుండా పెట్టాను. అడుగున వేలి మందం కూడా లేని పసుపు పొర, పైనంతా చింతపండు నీళ్లు, ఒక మునక్కాయ ముక్క, తేలుతున్న కరివేపాకు. రోజూ పప్పు తింటాం అని ఇన్నేళ్లూ నలుగురికీ చెప్పుకున్నది దీని గురించే. మా అమ్మ ఆ గిన్నె వైపు ఒకసారి చూసి, "గిది చారురా, పప్పు గాదు" అని వెళ్లిపోయింది.

రెండో పని: శక్తి ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

పిండిపదార్థం గ్రాముకి 4 కిలో కేలరీలు, ప్రొటీన్ గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9. ఈ మూడు అంకెలు గుర్తుంటే చాలు, కంచంలో శక్తి దేని నుంచి ఎంత వస్తోందో లెక్క కట్టొచ్చు.

పోల్చుకోవడానికి ఒక కొలబద్ద కావాలి, అది మన హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలో ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్‌ఐఎన్ అంటారు, 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కిలో కేలరీలు కావాల్సిన మనిషికి ఒక రోజు కంచం ఇలా చెప్పింది: బియ్యం, గోధుమలు, జొన్నలు, రాగుల్లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు గానీ గుడ్లు గానీ మాంసం గానీ 85, గింజలూ పల్లీల్లాంటివి 35, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె నెయ్యి 27 గ్రాములు. ఇవన్నీ వండకముందు బరువులే. కాయితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి.

నా లెక్క చెప్తాను. అన్నానికే 270 గ్రాముల బియ్యం, పొద్దున ఇడ్లీల్లో ఇంకో 45, అంటే 315. కూరగాయల్లో పరువు ఇంకా పోయింది, అరకిలో బెండకాయలు నలుగురికి రెండు పూటలా సరిపెడితే మనిషికి 125 గ్రాములే, 400 ఎక్కడ, 125 ఎక్కడ. ధాన్యం ఎక్కువ, మిగతాదంతా తక్కువ, హైదరాబాద్‌లో చాలా ఇళ్ల కంచం ఇలాగే ఉంటుందని నా అనుమానం. అమీర్‌పేట హాస్టల్లో ఉండే మా మేనల్లుడిని అడిగితే, "మామా, మా దగ్గర కూర అంటే అన్నానికి రంగు అంటడానికే" అన్నాడు.

కడుపు నిండటం వేరు, పోషకాలు అందటం వేరు అనడానికి ఆ ఎన్‌ఐఎన్ కథే ఉదాహరణ. అది పుట్టింది 1918లో, తమిళనాడులోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ నడిపిన చిన్న బెరిబెరి పరిశోధన విభాగంగా. బెరిబెరి అంటే బాగా పాలిష్ పట్టిన బియ్యం మీదే బతికేవాళ్లకి వచ్చే జబ్బు. తవుడుతో పాటు విటమిన్ బి1 పోతుంది, కడుపు నిండా అన్నం తింటున్నా నరాలు, గుండె దెబ్బతింటాయి. ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కి వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టారు.

అన్నం మానేయమని కాదు, తగ్గించి వేరేవాటికి చోటివ్వాలి, అంతే. ఈమధ్య చిరుధాన్యాల పిచ్చి పట్టుకుని మూడు పూటలా జొన్న రొట్టె ఒక్కటే తినేవాళ్లకి కూడా ఒక మాట: దాదాపు జొన్న ఒక్కటే తిండిగా బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది, దాని మీద సి. గోపాలన్ లాంటివాళ్లు ఇదే ఎన్‌ఐఎన్‌లో పరిశోధన చేశారు. తప్పు జొన్నది కాదు, పక్కన ఇంకేమీ లేకపోవడమే.

మూడో పని: ప్రొటీన్ కూడండి

మామూలు ఆరోగ్యంతో ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి 0.83 గ్రాములు కావాలి. నేను 70 కిలోలు, అంటే 58 గ్రాములు. మా ఆవిడ 55 కిలోలు, తనకి 46. గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, ఎదిగే పిల్లలకీ ఇంకా ఎక్కువ కావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క చూసి సొంతంగా ఏదీ పెంచొద్దు, డాక్టరు చెప్పిందే.

నా మంగళవారం ఇదీ. మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ కలిపి 8. మధ్యాహ్నం అన్నంలో 12, పప్పుచారులో 4, కూరలో 2, పెరుగులో 3. సాయంత్రం రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు కలిపి 4. రాత్రి అన్నంలో 9, మిగిలిన కూరలో 2, పెరుగులో 3. మొత్తం 47, అందులో సగం బియ్యం నుంచి వచ్చిందే. 11 గ్రాములు లోటు.

దీనికి ప్రొటీన్ పౌడర్ డబ్బా ఏమీ కొనలేదు. పప్పు 20 గ్రాముల నుంచి 40కి పెంచి పలచటి చారు బదులు గట్టి పప్పు చేస్తే ఇంకో 4 వచ్చాయి. ఒక గుడ్డు 6. సాయంత్రం బిస్కెట్ బదులు గుప్పెడు పల్లీలు, 30 గ్రాములు, దాంట్లో 7. బియ్యం 80 గ్రాములు తగ్గించాను, అక్కడ 6 పోయాయి. 47కి 17 కలిపి 6 తీసేస్తే 58. గుడ్డు తిననివాళ్లు శెనగ గుడాలు, పెసర గుడాలు చేసుకోవచ్చు, పెరుగు ఇంకో గిన్నె వేసుకోవచ్చు. పెసరట్టు అయితే ఇడ్లీ కన్నా ప్రొటీన్‌లో చాలా ముందుంటుంది, పెసలే కదా అంతా. లోపల ఉప్మా పెట్టించుకుంటే మళ్లీ ధాన్యం ఖాతాలోకే.

పప్పు, అన్నం కలిపి తినమనడానికి కారణం ఉంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. బియ్యంలో లైసీన్ తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. మూడు పాళ్లు ధాన్యానికి ఒక పాలు పప్పు అన్నది మంచి కొలత. మాకు అన్నం బియ్యం 270కి పప్పు 20, అంటే పదమూడున్నరకి ఒకటి.

నాలుగో పని: నూనె సీసా

కొవ్వు శత్రువేం కాదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే అది ఉండాల్సిందే, క్యారెట్ కూరలో చెంచాడు నూనె వేయడం అందుకే మంచిది. కానీ 27 గ్రాములంటే రెండు పెద్ద చెంచాలు. పల్లీ నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు, ఏదో ఒకదానికే అతుక్కోకుండా మార్చుకుంటూ వాడండి. ఒమేగా-3 అనే మంచి కొవ్వు కోసం చేపలు తినేవాళ్లు వారానికి ఒకటి రెండుసార్లు తినండి, తిననివాళ్లకి అవిసె గింజల పొడి ఉంది. వానకాలంలో మార్కెట్‌కి వచ్చే గంగవాయిలి కూరలో కూడా ఈ జాతి కొవ్వు ఉంటుందని తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగింది. బజ్జీల బండి మీద పొద్దుటి నుంచి మరుగుతున్న నల్లటి నూనె గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఐదో పని: ఐరన్. ఇక్కడ కాస్త ఆగండి

మగవాళ్లకి రోజుకి 19 మిల్లీగ్రాములు, నెలసరి వచ్చే ఆడవాళ్లకి 29. మనం శాకాహారం నుంచి తీసుకునే ఐరన్‌లో ఒంటికి పట్టేది కొద్ది భాగమే కాబట్టి అంకె అంత పెద్దగా ఉంది. మా ఆవిడ పాలకూర లెక్క తీశాం. కట్టలు తుంచి, వేళ్లూ కాడలూ పోగా తూస్తే మనిషికి 50 గ్రాములు పడింది. పాలకూర వంద గ్రాముల్లో ఐరన్ 3 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంటే తన వంతుకి ఒకటిన్నర, అదీ వారానికి మూడు రోజులే. తోటకూరలో పాలకూర కన్నా కొంచెం ఎక్కువే. రాగులు, శెనగలు, పెసలు, నువ్వుల్లో కూడా ఉంది, బియ్యంలో ఏమీ లేనట్టే.

తినేవాళ్లకి మాంసం, చేప, ముఖ్యంగా లివర్ సులువైన దారి, వాటిలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఆకుకూరల్లో, గింజల్లో ఉన్న ఐరన్‌కి మాత్రం తోడు కావాలి, ఆ తోడు విటమిన్ సి. దించాక పప్పులో నిమ్మకాయ పిండండి, పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి కొంత పోతుంది. భోజనంలో జామకాయ ముక్కలు పెట్టుకోండి, జామలో వంద గ్రాములకి 200 మిల్లీగ్రాముల పైన విటమిన్ సి ఉంటుంది, మనకి రోజుకి కావాల్సింది 65 నుంచి 80. ఉసిరి ఇంకా మేలు. శెనగలు, పెసలు నానబెట్టి మొలకెత్తిస్తే ఐరన్‌ని కట్టిపడేసే ఫైటేట్లు తగ్గుతాయి. ఇనుప మూకుట్లో పులుపు వంటలు వండితే కొంత ఇనుము వంటలోకి దిగుతుంది, అమ్మమ్మ మూకుడు అటక మీద ఉంటే దింపండి.

ఇప్పుడు అసలు దొంగ. మా ఇంట్లో మధ్యాహ్నం భోజనం అవ్వగానే చాయ్ పెడతారు, చెయ్యి ఆరకముందే గ్లాసు వస్తుంది. చాయ్‌లోని టానిన్లు భోజనంలోని ఐరన్‌ని పట్టుకుని ఒంటికి అందకుండా బయటికి పంపేస్తాయి. పదహారేళ్లుగా మా ఆవిడ పాలకూర తిని, వెంటనే చాయ్ తాగి, ఉన్న కాస్త ఐరన్‌నీ వదిలేస్తోందన్నమాట. బిర్యానీ తిని ఇరానీ హోటల్లోకి నడిచే అలవాటున్న ఊరు మనది, ఇది చెప్తే ఎవరికీ నచ్చదు. కనీసం గంట, వీలైతే ఇంకాసేపు ఆగండి. కాఫీ కూడా అంతే. ఐరన్ మాత్రని చాయ్‌తో, పాలతో మింగకండి, కాల్షియం మాత్రతో కలిపి అసలు వేసుకోకండి.

నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉన్నా, కడుపులో పురుగులున్నా, లోపల ఎక్కడైనా రక్తం పోతున్నా హిమోగ్లోబిన్ పడిపోతుంది. 9, 10 చూసి తోటకూరతో సరిపెట్టుకోవద్దు, కారణం కనుక్కోవడం డాక్టరు పని.

ఆరో పని: తిండిలో కనిపించకుండా పోయే మూడు

కాల్షియం రోజుకి 1000 మిల్లీగ్రాములు. పాలల్లో వంద మిల్లీలీటర్లకి 120 దాకా, రాగుల్లో వంద గ్రాములకి 350 పైన. 50 గ్రాముల రాగి పిండితో జావ కాచుకుని మజ్జిగ కలుపుకుంటే దాదాపు 180 అక్కడే వచ్చేసింది. పొట్టు తీయని నువ్వులు, మునగాకు కూడా కాల్షియానికి పేరున్నవే. పాలకూరలో కాల్షియం కాయితం మీద కనిపిస్తుంది గానీ ఆక్సలేట్లు దాన్ని వదలవు, ఈ లెక్కలో దాన్ని కలపకండి.

విటమిన్ డి తిండిలో దొరికేది చాలా తక్కువ, ఎండే ఆధారం. పొద్దున ఆరున్నర ఎండలో వాకింగ్ చేసి డి వచ్చేసిందనుకుంటారు చాలామంది, ఆ లేత ఎండలో పనికొచ్చే కిరణాలు తక్కువ. మీ నీడ మీకన్నా పొట్టిగా పడే సమయంలో చేతులకి, కాళ్లకి కాసేపు ఎండ తగలాలి. ఆఫీసు అద్దాల్లోంచి పడే ఎండతో రాదు, గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది. మే నెలలో మన ఎండకి ఈ సలహా ఎవరూ పాటించలేరని తెలుసు, పది నిమిషాలు బట్టలు ఆరేయడానికి డాబా మీదికెళ్లండి చాలు.

బి12 మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, ఇంతే. ఇడ్లీ పిండి పులిస్తే వస్తుందనేది ఉత్త మాట. పాలు కూడా తక్కువగా తాగే శాకాహారులు, షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు, అరికాళ్లు తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు అనిపిస్తే ఒకసారి పరీక్ష చేయించుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. విటమిన్ ఎ లేకపోతే రేచీకటి వస్తుంది, బొప్పాయి, మామిడి, క్యారెట్, మునగాకు తింటే దిగుల్లేదు. ఫోలిక్ ఆమ్లం పేరులోని 'ఫోలియం' అంటే లాటిన్‌లో ఆకు, దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పిల్లల్ని కనాలనుకునేవాళ్లు గర్భం రాకముందే ఫోలిక్ మాత్రల గురించి డాక్టర్ని అడగాలి, నెల తప్పాక మొదలుపెడితే కొంత ఆలస్యమైనట్టే. అయోడిన్‌కి అయోడైజ్డ్ ఉప్పు చాలు, డబ్బా మూత గట్టిగా పెట్టండి, పొయ్యి పక్కన ఉంచకండి. ఆ ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదు, ఒక చదును టీ చెంచా, ఇందులో ఆవకాయ, అప్పడం, మిక్చర్ అన్నీ కలిసే. పీచు రోజుకి 30 గ్రాములు కావాలి, 400 గ్రాముల కూరగాయల దగ్గరికి వస్తే సగం పని అయిపోయినట్టే. నీళ్లకి లెక్కలక్కర్లేదు, మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఇంకా తాగాలి.

ఏడో పని: వంటింట్లో పోయేవి ఆపండి

తరిగాక కడగడం మానండి, కడిగాకే తరగండి, బి, సి విటమిన్లు నీళ్లలో కరిగి సింకులోకి పోతాయి. బియ్యం నీళ్లు తెల్లబడటం ఆగేదాకా కడిగేవాళ్లున్నారు, రెండుసార్లు చాలు. గంజి వారిస్తే గంజితో బి విటమిన్లూ పోతాయి, ఇంకిపోయేలా వండండి, లేదా గంజి పారబోయకండి. కూరగాయలు మూతపెట్టి, తక్కువ నీళ్లతో.

ప్యాకెట్ తిప్పి చదవండి

ముందు బొమ్మ కాదు, వెనక చిన్నక్షరాలు. పదార్థాల పేర్లు బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాస్తారు. మల్టీగ్రెయిన్ అని పెద్దగా రాసి మొదట మైదా, రెండోది చక్కెర ఉంటే అది మైదా బిస్కెట్టే. సోడియం అంకెని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. పిల్లల పాలల్లో కలిపే పొడి డబ్బా మా ఇంట్లో కూడా ఉండేది, వెనక చదివాక మళ్లీ కొనలేదు.

ఆఖరి పని: మళ్లీ తూచండి

నెల తర్వాత ఇంకో మామూలు రోజు తూచండి, అంతా ఒకేసారి మార్చకండి. మేం మొదటి వారం పప్పు మాత్రమే పెంచాం, రెండో వారం కూరగాయలు. రైతు బజార్‌లో మా ఆవిడ కట్టల్ని రెట్టింపు తీసుకుంటుంటే పుంటికూర అమ్మే పెద్దమ్మ, "ఇంట్ల సుట్టాలొచ్చిన్రా బిడ్డా?" అని అడిగింది.

మూడు నెలలకి హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది, ఎక్కువ పని మాత్రలదే, ఆ సంగతి దాచను. భోజనం తర్వాత చాయ్ నాలుగింటికి మారింది. అమ్మ మాత్రం రెండింటికే గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడుతుంది.